పామ్ యాప్ 64 కేబీ దాటుతోందా? కోడ్‌ను సెగ్మెంట్లుగా విడగొట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

పామ్ ఓఎస్ (చేతిలో ఇమిడే పామ్ పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) యాప్ పెరుగుతూ పోతే, కంపైల్ అయిన ముక్కలను కలిపి యాప్‌గా కట్టే లింకర్ ఏదో ఒక రోజు మొరాయిస్తుంది. నిన్నటి దాకా శుభ్రంగా బిల్డ్ అయిన ప్రాజెక్టుకి ఒక్క కొత్త ఫారం చేర్చగానే, 16 బిట్ల రిఫరెన్స్ పరిధి దాటిందని, పామ్ యాప్‌లు తయారుచేసే టూల్ కోడ్‌వారియర్ అంటుంది. ఇంకో టూల్‌సెట్ అయిన పీఆర్‌సీ-టూల్స్ వాడేవాళ్లకైతే రీలొకేషన్ పట్టలేదన్న ఎర్రర్ వరుసగా పదులకొద్దీ వస్తుంది. మీరు రాసిన కొత్త కోడ్‌లో తప్పేమీ ఉండదు. యాప్ పెద్దదైంది, అంతే.

దీనికి మందు కోడ్‌ను ఒకటి కంటే ఎక్కువ సెగ్మెంట్లుగా, అంటే వేర్వేరు ముక్కలుగా, విడగొట్టడం. టూల్ పరంగా చూస్తే అది గంట పని. అయితే ఏ ఫంక్షన్ ఏ సెగ్మెంట్లో ఉండాలన్నది ముందు తేల్చుకోకుండా, ఫైళ్ల సైజులు కూడి చెరిసగం చేసేస్తే, యాప్ తెరిచినప్పుడు బాగానే నడుస్తుంది. హాట్‌సింక్ (కంప్యూటర్‌తో డేటా సింక్) అప్పుడో, అలారం మోగినప్పుడో, యూజర్ ఇంకో యాప్‌లో ఉండి ఫైండ్ నొక్కినప్పుడో పరికరం మొత్తం కూలిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం టూల్ బటన్ల గురించి కాదు, ఆ విభజన గీత ఎక్కడ గీయాలన్న దాని గురించే.

ఇక్కడ చెప్పేదంతా 68000 కుటుంబం ప్రాసెసర్ల కోసం రాసే యాప్‌లకి వర్తిస్తుంది. 1996లో వచ్చిన పైలట్ 1000, పైలట్ 5000 నుంచి పామ్ ఓఎస్ 4 దాకా ఉన్న పరికరాలన్నీ డ్రాగన్‌బాల్ అనే ఆ కుటుంబపు చిప్ మీదే నడిచాయి. 2002లో వచ్చిన పామ్ ఓఎస్ 5 పరికరాల్లో ఉన్నది ఆర్మ్ చిప్. అయినా పాత యాప్‌లు వాటిలో పేస్ అనే ఎమ్యులేటర్ మీద నడుస్తాయి కాబట్టి అక్కడా ఇవే హద్దులు.

హద్దులు రెండు

చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు. విడివిడిగా అర్థం చేసుకుంటే సగం అయోమయం తీరిపోతుంది.

మొదటిది 32 కేబీ హద్దు. ఇది ప్రాసెసర్ నుంచి వచ్చింది. పామ్ యాప్ కోడ్ మెమరీలో ఎక్కడ ఉంటుందో ముందే తెలియదు కాబట్టి, ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు "ఇక్కడి నుంచి ఇంత దూరం" అని సాపేక్షంగా చెప్పాలి. 68000లో ఆ దూరం రాయడానికి ఉన్నది గుర్తుతో కూడిన 16 బిట్లు. అంటే ముందుకి 32 కేబీ, వెనక్కి 32 కేబీ. ఒకే సెగ్మెంట్లో ఉన్నా సరే, పిలిచే ఫంక్షన్, పిలవబడే ఫంక్షన్ అంతకంటే దూరంగా ఉంటే నేరుగా కాల్ కుదరదు.

రెండోది 64 కేబీ హద్దు. ఇది ఓఎస్ నుంచి వచ్చింది. పీఆర్‌సీ ఫైలంటే రిసోర్సుల డేటాబేస్. ఫారాలు, మెనూలు, ఐకాన్లలాగే మీ కోడ్ కూడా అందులో ఒక రిసోర్సే. దాని టైపు కోడ్, నంబరు 1. పామ్ ఓఎస్ మెమరీ మేనేజర్ దగ్గర ఒక్కో చంక్ 64 కేబీకి కొంచెం తక్కువగానే ఉండాలి. ఒక రిసోర్సు అంటే ఒక చంక్. కాబట్టి ఒక్క కోడ్ రిసోర్సులో 64 కేబీకి మించి కోడ్ పెట్టడానికి దారే లేదు.

మొదటి హద్దుకి చిన్న చిన్న ఉపాయాలున్నాయి. రెండో హద్దుకి విడగొట్టడమొక్కటే దారి.

సెగ్మెంట్ ఎలా పనిచేస్తుంది

విడగొట్టాక పీఆర్‌సీలో కోడ్ 1, కోడ్ 2, కోడ్ 3 అని వేర్వేరు రిసోర్సులుంటాయి. యూజర్‌కి ఇదేమీ కనిపించదు. ఫైలు ఒకటే, ఐకాన్ ఒకటే, ఇన్‌ఫ్రారెడ్‌తో బీమ్ చేసినా అన్నీ కలిసే వెళ్తాయి.

మెమరీ మిగులుతుందని మాత్రం ఆశించకండి. కొన్ని పాత కంప్యూటర్లలో సెగ్మెంట్లను అవసరమైనప్పుడు లోడ్ చేసి, పనయ్యాక వదిలేసే పద్ధతి ఉండేది. పామ్‌లో ఆ అవసరమే లేదు. కోడ్ స్టోరేజ్ మెమరీలో ఉన్నచోటి నుంచే నడుస్తుంది, దాన్ని వేరే చోటికి కాపీ చేయరు. ఇక్కడ సెగ్మెంట్లు తీర్చేది అడ్రసుల సమస్యను మాత్రమే.

అసలు కీలకం ఒక సెగ్మెంట్ నుంచి ఇంకో సెగ్మెంట్‌కి కాల్ ఎలా వెళ్తుందన్నది. రెండు రిసోర్సులు మెమరీలో ఎక్కడెక్కడో ఉంటాయి, వాటి మధ్య దూరం ముందే లెక్కగట్టలేం. కాబట్టి యాప్ మొదలైనప్పుడు రన్‌టైమ్ కోడ్ మిగతా సెగ్మెంట్లను వెతికి, లాక్ చేసి, వాటి అసలు అడ్రసులను యాప్ గ్లోబల్ డేటా (గ్లోబల్స్, అంటే యాప్ అంతటా వాడే వేరియబుల్స్) ఉన్న ప్రాంతంలో నింపుతుంది. ఆ తర్వాత సెగ్మెంట్లు దాటే ప్రతి కాల్ అక్కడ అడ్రసు చూసుకునే వెళ్తుంది. ఆ ప్రాంతం ఎక్కడుందో చెప్పేది ప్రాసెసర్‌లోని ఎ5 రిజిస్టర్.

దీని పర్యవసానం ఒక్కటే, ఈ గైడ్‌లో మిగతాదంతా దాని మీదే నిలబడింది: గ్లోబల్స్ లేనప్పుడు మొదటి సెగ్మెంట్ దాటి బయటికి వెళ్లలేరు.

మొదటి మెట్టు: ముందు కొలవండి

విడగొట్టే ముందు ఎక్కడ ఎంత కోడ్ ఉందో చూడండి. కోడ్‌వారియర్‌లో లింకర్ సెట్టింగుల్లో లింక్ మ్యాప్ తయారుచేయమనే ఆప్షన్ ఉంటుంది. పీఆర్‌సీ-టూల్స్‌లో లింకర్‌కి మ్యాప్ ఫైలు రాయమని చెప్పొచ్చు, లేదా వాటితో వచ్చే సైజ్ టూల్‌ను ఒక్కో ఆబ్జెక్ట్ ఫైలు మీద నడపొచ్చు. ఫంక్షన్లను సైజు వరుసలో పేర్చి చూస్తే అనుకోనివి పైకి తేలతాయి.

ఎక్కువగా దొరికేవి ఇవి. ఎక్కడో ఒకే ఒక్క సగటు లెక్కించడానికి డబుల్ టైపు వాడితే ఫ్లోటింగ్ పాయింట్ లైబ్రరీ మొత్తం వచ్చి కూర్చుంటుంది. ఆ లెక్కను పూర్ణాంకాల్లో చేసుకుంటే అది పోతుంది. కోడ్‌లోనే రాసేసిన పొడుగాటి సహాయ వాక్యాలు, ఎర్రర్ మెసేజీలు స్ట్రింగ్ రిసోర్సుల్లోకి వెళ్లాలి. అలా చేస్తే వేరే భాషలోకి మార్చడం కూడా తేలికవుతుంది. పెద్ద స్థిర పట్టికలు, బిట్‌మ్యాపులు కూడా రిసోర్సులుగానే ఉండాలి. కంపైలర్‌ను వేగం కోసం కాకుండా సైజు కోసం ఆప్టిమైజ్ చేయమనండి. డీబగ్ బిల్డ్ సైజు చూసి కంగారు పడకండి, రిలీజ్ బిల్డ్‌లో ఎంత వస్తుందో చూశాకే నిర్ణయం తీసుకోండి.

ఈ కోతలు వేశాక 32 కేబీకి, 64 కేబీకి మధ్య ఆగితే, కోడ్‌వారియర్ వాడేవాళ్లకి ఇంకో వెసులుబాటుంది. కోడ్ మోడల్‌ను స్మాల్ నుంచి స్మార్ట్‌కి మారిస్తే అవసరమైన చోట దూరపు కాల్ వాడుతుంది. లేదా లింక్ వరుసలో ఫైళ్లను అటూ ఇటూ మార్చి, ఒకదాన్నొకటి తరచూ పిలుచుకునేవాటిని దగ్గర చేయొచ్చు. పీఆర్‌సీ-టూల్స్ వాడేవాళ్లు 32 కేబీ దాటాక నేరుగా విడగొట్టడమే మేలు. వరుస మార్చి నెట్టుకొస్తే ప్రతి కొత్త ఫీచర్‌కీ మళ్లీ అదే కుస్తీ.

నా అభిప్రాయం ఏంటంటే, యాప్ ఇంకా పెరుగుతుందని తెలిసినప్పుడు 50 కేబీ దగ్గరే విడగొట్టేయండి. రిలీజ్ దగ్గర పడ్డాక హద్దు తగిలితే టెన్షన్‌లో తప్పుడు గీత గీస్తారు.

రెండో మెట్టు: గ్లోబల్స్ లేకుండా నడిచే దారులన్నీ రాసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. కాగితం మీద చేయండి.

పామ్ యాప్‌లోకి వచ్చే తలుపు ఒకటే: పైలట్‌మెయిన్ ఫంక్షన్. ఓఎస్ దాన్ని ఒక లాంచ్ కోడ్ (ఎందుకు పిలుస్తోందో చెప్పే అంకె) ఇచ్చి పిలుస్తుంది. యూజర్ ఐకాన్ నొక్కితే నార్మల్ లాంచ్. అప్పుడు గ్లోబల్స్ ఉంటాయి, సెగ్మెంట్లన్నీ అందుబాటులో ఉంటాయి, ఏ ఇబ్బందీ లేదు. కానీ మీ యాప్ తెర మీద లేనప్పుడు కూడా ఓఎస్ దాన్ని పిలుస్తుంది. వేరే యాప్ నడుస్తుండగా, దాని మీదుగా మీ పైలట్‌మెయిన్‌లోకి చిన్న పని కోసం వచ్చి వెళ్తుంది. అప్పుడు ఎ5 చూపించేది మీ గ్లోబల్స్‌ను కాదు. మీరు అక్కడి నుంచి రెండో సెగ్మెంట్లోని ఫంక్షన్‌ను పిలిస్తే, వేరే యాప్ డేటాలోని ఏదో ఒక అంకెను అడ్రసనుకుని ప్రాసెసర్ అక్కడికి దూకుతుంది. తెర మీద ఫేటల్ ఎక్సెప్షన్ వస్తుంది.

ఇలా వచ్చే ముఖ్యమైన లాంచ్ కోడ్‌లు:

ఫైండ్ — యూజర్ ఎక్కడి నుంచైనా వెతికినప్పుడు ప్రతి యాప్‌కీ వస్తుంది. మీ డేటాబేస్ తెరిచి, రికార్డులు చదివి, దొరికిన వాక్యాన్ని తెర మీద గీయాలి. అంటే రికార్డు విప్పే కోడ్, తేదీని అందంగా చూపించే కోడ్, గీసే కోడ్ అన్నీ ఇందులో ఉన్నట్టే.

సింక్ నోటిఫై — హాట్‌సింక్‌లో మీ క్రియేటర్ ఐడీ (మీ యాప్‌ను గుర్తించే కోడ్) ఉన్న డేటాబేస్ మారితే వస్తుంది. యాప్ కొత్తగా ఇన్‌స్టాల్ అయినప్పుడు కూడా వస్తుంది కాబట్టి, ఇక్కడ తప్పుంటే యూజర్ మీ యాప్‌ను ఒక్కసారి తెరవకముందే పరికరం కూలుతుంది.

సిస్టమ్ రీసెట్ — పరికరం రీసెట్ అయినప్పుడు ప్రతి యాప్‌కీ వస్తుంది. అలారాలు పెట్టుకునే యాప్‌లు వాటిని మళ్లీ ఇక్కడే సరిచేసుకుంటాయి. అన్నిటికంటే ప్రమాదం దీనితోనే. ఇందులో కూలితే పరికరం మళ్లీ రీసెట్ అవుతుంది, మళ్లీ ఇదే కోడ్ నడుస్తుంది, మళ్లీ కూలుతుంది. పై స్క్రోల్ బటన్ నొక్కి పట్టుకుని వార్మ్ రీసెట్ చేస్తే తప్ప యూజర్ ఆ వలయంలోంచి బయటపడలేరు. ఆ కిటుకు తెలియనివాళ్లు హార్డ్ రీసెట్ చేసి డేటా మొత్తం పోగొట్టుకుంటారు.

అలారం ట్రిగర్డ్, డిస్‌ప్లే అలారం — మొదటిది క్షణంలో తేల్చాల్సిన పని, రెండోది తెర మీద డైలాగ్ చూపించేది. రెండిటికీ గ్లోబల్స్ ఉండవు.

టైమ్ చేంజ్ — గడియారం మార్చినప్పుడు వస్తుంది. చాలా యాప్‌లు దీన్ని పట్టించుకోవు. పట్టించుకునేవి ఇక్కడా ఇదే నియమం పాటించాలి.

గో టూ కోడ్ కొంచెం వేరు. ఫైండ్ ఫలితం మీద యూజర్ నొక్కినప్పుడు ఇది రెండు రకాలుగా వస్తుంది. మీ యాప్ అప్పటికే తెర మీద ఉంటే సబ్‌కాల్ అనే ఫ్లాగ్‌తో వస్తుంది, గ్లోబల్స్ పాతవే ఉంటాయి. లేకపోతే కొత్త గ్లోబల్స్‌తో మొదలవుతుంది. రెండు సందర్భాల్లోనూ ఇతర సెగ్మెంట్లు అందుతాయి. రెండో సందర్భంలో మాత్రం యాప్ ప్రారంభ పనులన్నీ మీరే చేయాలి.

ఇప్పుడు ఒక్కో లాంచ్ కోడ్ కింద, పైలట్‌మెయిన్ ఏ ఫంక్షన్‌ను పిలుస్తుందో, అది మళ్లీ దేన్ని పిలుస్తుందో చివరి దాకా రాసుకుంటూ వెళ్లండి. ఉదాహరణకి పనుల జాబితా యాప్ తీసుకుందాం. ఫైండ్ దారిలో డేటాబేస్ తెరవడం, రికార్డు విప్పడం, స్ట్రింగ్ పోల్చడం, తేదీ ఫార్మాట్ చేయడం ఉంటాయి. రీసెట్ దారిలో తర్వాతి గడువు వెతకడం, అలారం పెట్టడం ఉంటాయి. గడువు వెతకడంలో మళ్లీ అదే రికార్డు విప్పే ఫంక్షన్. డిస్‌ప్లే అలారం దారిలో ఒక ఫారం, దాని ఈవెంట్ హ్యాండ్లర్, స్నూజ్ బటన్ లెక్క.

ఈ పేర్లన్నీ ఒక జాబితాగా రాయండి. ఇవన్నీ మొదటి సెగ్మెంట్లోనే ఉండాలి, ఒక్కటి కూడా బయటికి పోకూడదు. స్టార్టప్ కోడ్, రన్‌టైమ్ లైబ్రరీ, కంపైలర్ తనంతట తాను పిలిచే 32 బిట్ల గుణకారం, భాగహారం లాంటి సహాయక ఫంక్షన్లు కూడా అక్కడే ఉంటాయి. మొదటి సెగ్మెంట్లో స్థలం అందుకే విలువైనది. అక్కడ ఉండక తప్పనివాటికే దాన్ని అట్టిపెట్టండి.

జాబితా రాస్తుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. డిస్‌ప్లే అలారం దారి ఎక్కడో పెద్ద ఎడిట్ ఫారాన్ని తెరుస్తుంటుంది. ఆ ఫారం కోడ్ 15 కేబీ ఉంటే దాన్ని మొదటి సెగ్మెంట్లో పెట్టుకోలేరు. ఇలాంటప్పుడు దారినే మార్చండి. అలారం డైలాగ్ చిన్నదిగా ఉంచి, యూజర్ "వివరాలు" నొక్కితే మీ యాప్‌కే మారమని ఓఎస్‌ను అడగండి. ఏ రికార్డు చూపించాలో ఫీచర్ మేనేజర్‌లో (యాప్ మూసినా అంకెలు గుర్తుంచుకునే ఓఎస్ సదుపాయం) ఒక అంకెగా దాచిపెడితే, నార్మల్ లాంచ్‌లో గ్లోబల్స్ వచ్చాక దాన్ని చదువుకుని ఎడిట్ ఫారం తెరవొచ్చు. సింక్ నోటిఫైలో చేసే బరువైన పనులకి కూడా ఇదే మార్గం: అక్కడ గుర్తు మాత్రం పెట్టుకుని, అసలు పని తర్వాత యాప్ తెరిచినప్పుడు చేయండి.

మూడో మెట్టు: మిగిలినదాన్ని గుంపులు చేయండి

ఇక్కడ కొంత స్వేచ్ఛ ఉంది. తెర మీద కలిసి పనిచేసేవి ఒకే సెగ్మెంట్లో ఉండటం మంచిది. పనుల జాబితా యాప్‌లో ప్రధాన జాబితా ఫారం, ఎడిట్ ఫారం ఒక సెగ్మెంట్. ప్రిఫరెన్సులు, కేటగిరీల సవరణ, దిగుమతి, ఎగుమతి ఇంకో సెగ్మెంట్. గ్రాఫులు, రిపోర్టులు ఉంటే అవి మూడోది.

సెగ్మెంట్ దాటే కాల్‌కి కొంచెం అదనపు ఖర్చుంటుంది. ఒక బటన్ నొక్కినప్పుడు ఒకసారి దాటితే అది ఎవరికీ తెలియదు. వెయ్యి రికార్డులు తిప్పే లూప్‌లో ప్రతి రికార్డుకీ దాటుతుంటే 16 మెగాహెర్ట్జ్ చిప్ మీద తేడా తెలుస్తుంది. లూప్‌ను, అది పిలిచే ఫంక్షన్‌ను ఒకే వైపు ఉంచండి. సార్టింగ్‌కి ఇచ్చే పోలిక ఫంక్షన్ దీనికి మంచి ఉదాహరణ.

కోడ్‌వారియర్‌లో దాటే ప్రతి ఫంక్షన్‌కీ గ్లోబల్స్ ప్రాంతంలో కొన్ని బైట్లు పోతాయి. ఆ ప్రాంతం డైనమిక్ హీప్‌లో (నడుస్తున్న యాప్‌ల తాత్కాలిక మెమరీ) ఉంటుంది. 1997 నాటి పామ్‌పైలట్ ప్రొఫెషనల్ లాంటి 1 ఎంబీ పరికరంలో అది ఓఎస్‌తో కలిపి 64 కేబీ మాత్రమే. ఓఎస్ 3.5 ఉన్న 4 ఎంబీ పరికరాల్లో 256 కేబీ. పాత పరికరాల్లోనూ నడవాలనుకుంటే, ప్రతి చిన్న ఫంక్షన్‌నూ బయటికి చూపించకుండా, ఒక్కో సెగ్మెంట్‌కి కొన్ని పెద్ద ప్రవేశ ఫంక్షన్లు పెట్టుకోండి.

సెగ్మెంట్‌ను 64 కేబీ దాకా నింపేయకండి. లోపలి కాల్స్‌కి 32 కేబీ హద్దు ఇంకా అలాగే ఉంది. పీఆర్‌సీ-టూల్స్‌లో ఒక్కోటి 30 కేబీ లోపు ఉంటే నిశ్చింత. కోడ్‌వారియర్‌లో స్మార్ట్ మోడల్‌తో 50 కేబీ దాకా పోవచ్చు.

నాలుగో మెట్టు, కోడ్‌వారియర్ వాడితే

ఉన్న ప్రాజెక్టు సెట్టింగులు ఒక్కొక్కటిగా మార్చేకన్నా, మల్టీ-సెగ్మెంట్ స్టేషనరీతో (సిద్ధంగా ఉండే ప్రాజెక్టు నమూనా) కొత్త ప్రాజెక్టు తెరిచి అందులోకి మీ ఫైళ్లు చేర్చడం మంచిది. సరైన రన్‌టైమ్ లైబ్రరీ దానితోనే వస్తుంది. పాత ప్రాజెక్టులోని సింగిల్-సెగ్మెంట్ స్టార్టప్ లైబ్రరీ అలాగే ఉండిపోతే, బిల్డ్ అయినా మిగతా సెగ్మెంట్లు దొరకవు.

ప్రాజెక్టు విండోలో సెగ్మెంట్ల ట్యాబ్ తెరవండి. కొత్త సెగ్మెంట్లు చేసి, పేర్లు పెట్టి, ఫైళ్లను వాటిలోకి లాగండి. రన్‌టైమ్ లైబ్రరీ, పైలట్‌మెయిన్ ఉన్న ఫైలు మొదటి సెగ్మెంట్లోనే ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక్కడ విభజన ఫైళ్ల లెక్కన జరుగుతుంది. మీ జాబితాలోని ఫంక్షన్లు ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉంటే వాటిని తీసి ఒక కొత్త సోర్స్ ఫైల్లో పెట్టండి. ఫైలు మధ్యలో సెగ్మెంట్ మార్చే ప్రాగ్మా (కంపైలర్‌కి ఇచ్చే ఆదేశం) కూడా ఉంది. కానీ ఆరు నెలల తర్వాత కోడ్ చదివేవాళ్లకి అది కంటపడదు, ఫైళ్లు విడదీయడమే శుభ్రం. "గ్లోబల్స్ లేని కోడ్" అని పేరులోనే తెలిసే ఫైలు ఒకటి ఉంటే, తర్వాత ఎవరైనా అందులో చెయ్యి పెట్టేముందు ఆగి ఆలోచిస్తారు.

కంపైలర్ సెట్టింగుల్లో పీసీ-రిలేటివ్ స్ట్రింగ్స్ ఆప్షన్ కూడా ఆన్ చేయండి. లేకపోతే కోట్స్‌లో రాసిన స్ట్రింగులు గ్లోబల్ డేటాలోకి వెళ్తాయి. అప్పుడు ఫైండ్‌లో ఒక మామూలు స్ట్రింగ్ వాడినా కూలిపోవచ్చు.

నాలుగో మెట్టు, పీఆర్‌సీ-టూల్స్ వాడితే

ఇక్కడ విభజన ఫంక్షన్ల లెక్కన. పని మూడు చోట్ల ఉంటుంది.

మొదట డెఫ్ ఫైలు, అంటే యాప్ వివరాలు రాసే ఫైలు. అప్లికేషన్ పేరు, క్రియేటర్ ఐడీ ఉన్న లైను కింద, మల్టిపుల్ కోడ్ అని రాసి, బ్రాకెట్లలో అదనపు సెక్షన్ల పేర్లు ఇవ్వండి. పేర్లు చిన్నవిగా, ఎనిమిది అక్షరాల లోపు ఉంచండి. మొదటి సెక్షన్ పేరు రాయక్కర్లేదు. ఏ గుర్తూ లేని కోడంతా దానిలోకే వెళ్తుంది.

తర్వాత హెడర్ ఫైళ్లు. బయటి సెక్షన్‌కి వెళ్లాల్సిన ప్రతి ఫంక్షన్ ప్రోటోటైప్ చివర, సెక్షన్ ఆట్రిబ్యూట్‌తో ఆ పేరు రాయాలి. ఇది ప్రోటోటైప్ మీద ఉండాలి, ఫంక్షన్ డెఫినిషన్ మీద కాదు. ఆ పొడుగాటి ఆట్రిబ్యూట్‌ను ప్రతి చోటా రాయకుండా, ఒక్కో సెక్షన్‌కి ఒక్కో మాక్రో చేసుకోండి. ఫంక్షన్‌ను ఒక సెక్షన్ నుంచి ఇంకోదానికి మార్చాలంటే అప్పుడు ఒక్క పదం మారిస్తే చాలు. సింగిల్ సెగ్మెంట్ బిల్డ్ కావాలనుకుంటే మాక్రోలన్నీ ఖాళీగా డిఫైన్ చేయొచ్చు.

స్టాటిక్ ఫంక్షన్లను మర్చిపోకండి. వాటికి హెడర్లో ప్రోటోటైప్ ఉండదు కాబట్టి గుర్తు పడదు, అవి మొదటి సెక్షన్లోనే మిగిలిపోతాయి. విడగొట్టాక కూడా మొదటి సెక్షన్ అనుకున్నంత తగ్గలేదంటే కారణం చాలాసార్లు ఇదే. సోర్స్ ఫైలు మొదట్లో వాటికీ ప్రోటోటైపులు రాసి, అదే మాక్రో తగిలించండి.

చివరగా మేక్ ఫైలు. డెఫ్ ఫైలు మీద మల్టీజెన్ అనే టూల్ నడిపితే అది ఒక అసెంబ్లీ ఫైలు, ఒక లింకర్ స్క్రిప్టు తయారుచేస్తుంది. అసెంబ్లీ ఫైలును కంపైల్ చేసి, ఆ ఆబ్జెక్టునూ, స్క్రిప్టునూ మీ మిగతా ఆబ్జెక్టులతో పాటు లింక్ చేయండి. ఎప్పటిలాగే పిల్‌ఆర్‌సీ టూల్‌తో రిసోర్సులు తయారుచేసి, చివర్లో బిల్డ్-పీఆర్‌సీ టూల్‌తో అన్నీ కలిపి పీఆర్‌సీ చేయండి. డెఫ్ ఫైలు మారినప్పుడల్లా మల్టీజెన్ మళ్లీ నడిచేలా మేక్ ఫైల్లో ఆధారం రాయడం తప్పనిసరి. హెడర్లు మారినప్పుడు అన్ని సోర్సులూ మళ్లీ కంపైల్ కావాలి. ఒక ఫైలు పాత సెక్షన్ గుర్తుతో మిగిలిపోతే లింకర్ ఇచ్చే ఎర్రర్ చూసి కారణం ఊహించడం కష్టం. అనుమానమొస్తే అన్నీ చెరిపి మొదటి నుంచి బిల్డ్ చేయండి.

ఐదో మెట్టు: కంటికి కనిపించని కాల్స్

పేరు పెట్టి పిలిచే కాల్స్ మీ కాగితం మీద ఉన్నాయి. పాయింటర్ ద్వారా జరిగేవి దాని మీద ఉండవు.

ఫారం ఈవెంట్ హ్యాండ్లర్లు, లిస్టు గీసే ఫంక్షన్లు, టేబుల్ కాల్‌బ్యాక్‌లు (ఓఎస్ తిరిగి పిలిచే ఫంక్షన్లు) నార్మల్ లాంచ్‌లో ఏ సెగ్మెంట్లో ఉన్నా ఫర్వాలేదు, యాప్ మూసేదాకా సెగ్మెంట్లు లాక్ అయ్యే ఉంటాయి. అలారం డైలాగ్‌కి ఇచ్చే హ్యాండ్లర్ మాత్రం మొదటి సెగ్మెంట్లోనే ఉండాలి.

ఓఎస్ 3.5తో వచ్చిన నోటిఫికేషన్ మేనేజర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దానికి కాల్‌బ్యాక్ పాయింటర్ ఇచ్చి రిజిస్టర్ చేస్తే, మీ యాప్ మూసేశాక కూడా ఓఎస్ ఆ అడ్రసుకే వస్తుంది. ఆ ఫంక్షన్ మొదటి సెగ్మెంట్లో ఉండటమే కాదు, ఆ కోడ్ రిసోర్సు కదలకుండా లాక్ చేసి, యూజర్ యాప్‌ను చెరిపేయకుండా డేటాబేస్‌ను ప్రొటెక్ట్ చేయాలి కూడా. అంత అవసరం లేకపోతే పాయింటర్ బదులు నల్ ఇచ్చి, లాంచ్ కోడ్ రూపంలో కబురు తెప్పించుకోండి. నేనైతే ఎప్పుడూ రెండోదే ఎంచుకోమంటాను.

ఫంక్షన్ పాయింటర్లతో నింపిన స్టాటిక్ పట్టికలు కూడా చూసుకోండి. అడ్రసులు నడిచేటప్పుడే తెలుస్తాయి కాబట్టి అలాంటి పట్టిక గ్లోబల్ డేటాలోనే ఉంటుంది. గ్లోబల్స్ లేని దారిలో దాని బదులు స్విచ్ వాడండి. సీ ప్లస్ ప్లస్ వర్చువల్ ఫంక్షన్లకీ ఇదే వర్తిస్తుంది, అవి నడిచేదీ పాయింటర్ల పట్టిక మీదే. ఫైండ్, అలారం, రీసెట్ దారుల్ని మామూలు సీ ఫంక్షన్లతో రాసుకుంటే ఈ గొడవంతా ఉండదు.

ఆరో మెట్టు: పరీక్ష

యాప్ తెరిచి అన్ని బటన్లూ నొక్కి చూడటం ఇక్కడ చాలదు. అది నార్మల్ లాంచ్‌ను మాత్రమే పరీక్షిస్తుంది, తప్పులుండేది మిగతా దారుల్లో.

పామ్ ఓఎస్ ఎమ్యులేటర్ గానీ, బ్రౌజర్లో నడిచే క్లౌడ్‌పైలట్ గానీ తెరవండి. మీ యాప్ మూసేసి, వేరే యాప్‌లో ఉండి ఫైండ్ చేయండి. మీ యాప్ తెర మీద ఉండగా ఫైండ్ చేస్తే అప్పుడు ఎ5 చూపించేది మీ గ్లోబల్స్‌నే, కాబట్టి తప్పున్నా పని జరిగిపోతుంది. అది చూసి మోసపోకండి. తర్వాత రెండు నిమిషాల్లో మోగే అలారం పెట్టి, ఇంకో యాప్‌కి మారి వేచి ఉండండి. సాఫ్ట్ రీసెట్ చేయండి. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. సింక్ చేయగలిగితే, డెస్క్‌టాప్‌లో ఒక రికార్డు మార్చి సింక్ చేయండి. ఫైండ్‌లో ఒక పేజీకి మించి ఫలితాలు వచ్చేలా డేటా పెట్టి, "ఇంకా వెతుకు" బటన్ కూడా నొక్కి చూడండి.

పామ్ ఓఎస్ ఎమ్యులేటర్లో గ్రెమ్లిన్స్ అనే సదుపాయం ఉంది. అది తెర మీద అడ్డదిడ్డంగా పెన్ను తాకిడులు, అక్షరాలు పంపిస్తుంది. సెగ్మెంట్లు మార్చిన ప్రతిసారీ దాన్ని కాసేపు నడపండి. మనిషి ఎప్పుడూ నొక్కని వరుసలో ఫారాలు తెరిచి మూసి, మీరు మర్చిపోయిన కాల్‌బ్యాక్‌ను అది పట్టుకుంటుంది. చెల్లని మెమరీ జోలికి వెళ్లినప్పుడు నిజమైన పరికరం కొన్నిసార్లు ఏమీ అనకుండా ముందుకి పోతుంది. ఎమ్యులేటర్ మాత్రం అక్కడే ఆపి చెబుతుంది.

కూలితే మొదట చూడాల్సింది ఏ లాంచ్ కోడ్‌తో వచ్చిందన్నది. పైలట్‌మెయిన్ మొదట్లోనే లాంచ్ ఫ్లాగులను పరీక్షించి, కొత్త గ్లోబల్స్ గానీ సబ్‌కాల్ గానీ లేకపోతే ఆ దారి కోసం ప్రత్యేకంగా రాసిన ఫంక్షన్‌లోకే పంపేలా కోడ్ రాసుకుంటే, ఏ దారి ఎటు పోతుందో డీబగ్గర్లో వెంటనే తెలుస్తుంది.

ఇంకా పెరిగితే

సెగ్మెంట్లు ఇంకొన్ని చేర్చుకుంటూ పోవచ్చు, పద్ధతి మారదు. మొదటి సెగ్మెంట్ నిండిపోతేనే ఇబ్బంది. అప్పుడు రెండో మెట్టులోని కాగితం మళ్లీ తీసి, ఏ దారిని కుదించొచ్చో, దేన్ని నార్మల్ లాంచ్‌కి వాయిదా వేయొచ్చో చూడండి. సహాయక ఫంక్షన్లలో గ్లోబల్స్ లేని దారులు నిజంగా వాడేవెన్ని అని కూడా చూడండి. తేదీ ఫార్మాట్ చేసే ఫంక్షన్‌లో ఫైండ్‌కి కావాల్సింది పావు వంతే అయితే, ఆ పావు వంతును చిన్న ఫంక్షన్‌గా విడదీసి మిగతాది బయటికి పంపేయండి.

ఒకే కోడ్‌ను మీ రెండు మూడు యాప్‌లు వాడుకుంటుంటే షేర్డ్ లైబ్రరీ గురించి ఆలోచించొచ్చు. దానికి తన సొంత పీఆర్‌సీ ఉంటుంది, తన డేటాను తానే చూసుకోవాలి, యూజర్ రెండు ఫైళ్లూ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఒక్క యాప్ కోసమైతే అంత హంగామా అనవసరం. ఓఎస్ 5 పరికరాల్లో వేగం చాలక ఇబ్బంది పడుతుంటే, బరువైన లెక్కల భాగాన్ని ఆర్మ్ కోడ్‌గా రాసి పేస్ ద్వారా పిలవొచ్చు. అయితే అది వేగం కోసమే. ఫారాలు, ఈవెంట్లు చూసుకునే కోడ్ 68000 వైపే ఉండిపోతుంది, దాని సెగ్మెంట్ల లెక్క మీరు మళ్లీ చూసుకోవాల్సిందే.